చివరి చరణంలో పేరు

మామిడిపల్లి
10 నవంబర్ 2025

శివమ్మక్కకు,

నేను బాగున్నానా లేదా అన్నది కింద రాస్తాను. ముందు ఇరవై ఏళ్ళుగా కడుపులో పెట్టుకున్న మాట రాస్తాను. నువ్వు నన్ను అడగకుండా నీ పాటలో నా పేరు పెట్టావు. దాని వల్ల నాలుగు ఊళ్ళలో నేను తలకాయ ఎత్తుకుని తిరగలేకపోతున్నాను.

మొన్న శనివారం శంషాబాద్‌లో, ఫంక్షన్ హాల్ వెనక ఖాళీ జాగలో, మైకులు కిరాయికిచ్చే రాజశేఖర్ జానపద పాటల ప్రోగ్రాం పెట్టాడు. నువ్వు వస్తావని పక్క కుర్చీ మీద నా కండువా వేసి పెట్టాను. ఆ కుర్చీ కోసం ఇద్దరితో కొట్లాడాను. నువ్వు రాలేదు.

మొదట జీవన్ అనే పిలగాడు పాడాడు. పాట అంతా మట్టి మట్టి అన్నాడు. ఏ మట్టి? రేగడా, చెల్కా, చౌడా? అది చెప్పలేదు. ప్యాంటుకు ఇస్త్రీ మాత్రం బాగుంది. తర్వాత నీ మనవరాలు అనుపమ లేచింది. నీ కర్రెద్దు పాట ఎత్తుకుంది. రెండో చరణంలో మా నెత్తి మీద నుంచి విమానం పోయింది. పిల్ల తెలివైంది. మాట ఆపి, అది పోయేదాకా రాగం తీసి, మళ్ళీ మాట అందుకుంది. ఇక్కడ పాడేవాళ్ళకు ఆ పని రావాలి. రాకపోతే సగం పాట విమానానికే పోతుంది.

చివరి చరణం వచ్చేసరికి, ఇంకో విమానం వచ్చి నా పేరు మీద పడితే బాగుండునని పైకి చూశాను. అది చరణం అయిపోయాక వచ్చింది. అందరికీ సాఫుగా వినబడింది.

వాకిట్ల నిలవడి అడిగెనే కుర్మయ్య
బదులియ్యకుంటనే పోతివిరా

ఇగ రాజశేఖర్ మైకు పట్టుకుని, "ఈ పాట కట్టిన కుర్మయ్య పెద్దమనిషి మన నడుమనే ఉన్నడు, స్టేజీ మీదికి రావాలె" అన్నాడు. నేను రానన్నాను. ఇద్దరు రెక్కలు పట్టుకుని తీసుకపోయారు. శాలువా కప్పారు. ఇంతకుముందు కప్పిన శాలువాలు దూడకు కప్పుతున్నాను. ఇప్పుడు దూడ కన్నా శాలువాలు ఎక్కువయ్యాయి. కిందికి దిగినంక ఒకడు వచ్చి, "తాతా, ఎప్పుడు కట్టినవ్?" అన్నాడు. "పొద్దున బర్రెను కట్టేసిన, ఇంకేం కట్టలే" అన్నాను. వాడు నవ్వి ఫోటో దిగాడు. పెద్దవాళ్ళు గిట్లనే మాట్లాడతారని పక్కవానితో చెప్పాడు.

పాట కట్టినవాళ్ళు చివరి చరణంలో తమ పేరు పెట్టుకుంటారు. మన దిక్కు భజనలో కూర్చున్న ప్రతివానికీ ఇది తెలుసు. అక్కడ ఎవరి పేరు వినబడితే పాట వాళ్ళది. నీకూ తెలుసు. తెలిసి తెలిసి అక్కడ నన్ను నిలబెట్టావు. నేను జన్మలో ఒక్క పాట కట్టలేదు. నేను వినేవాణ్ణి. ఎంత దూరమైనా పోయి, ముందు వరసలో కూర్చుని, ఏ మాట బరువుగా పడింది, ఏది ఊరికే పడింది అని వినేవాణ్ణి నా అంతవాడు ఈ చుట్టుపక్కల లేడు. ఆ పేరు నాకు చాలు. దొంగ పేరు వద్దు.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. నా మేనకోడలు మాధవీలత ఎత్తి, అమ్మ పండుకుంది అంటుంది. పొద్దున పదింటికి ఎవరు పండుకుంటారు? అందుకని కాగితం పట్టాను. నాకు అక్షరాలు నేర్పింది నువ్వు. పుస్తకంలో ఉన్నట్టు రాయాలని చెప్పి వేళ్ళ మీద కొట్టింది నువ్వు. తప్పులుంటే నీవే.

ఆ చరణంలో నీ పేరు పెట్టి, అనుపమకు చెప్పు.

నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళు బాగాలేవు.

నీ తమ్ముడు
కుర్మయ్య


అత్తాపూర్
15 నవంబర్ 2025

కుర్మయ్యా,

నీ ఉత్తరం పోస్టులో వస్తే మాధవి పరేషాన్ అయింది. కోర్టు కాగితం అనుకుంది.

ఇప్పటి నుంచి ఫోన్ చేయకు. చెప్పాల్సింది రాయి. అదే మంచిది.

పాట సంగతి. ఆ పాట నీదే. నీకు గుర్తు లేకుంటే నేను గుర్తు చేస్తాను. నీ చెల్క భూమి ఎయిర్‌పోర్టు కిందికి పోయినంక నువ్వు రెండు ఎడ్లను మహేశ్వరం దిక్కు మనిషికి ఇచ్చావు. నాలుగు రోజులకు ఆ రెండిట్లో నల్లది, మన కర్రెద్దు, తాడు తెంపుకుని, అంత దూరం నడుచుకుంటూ మీ వాకిట్లకు వచ్చి నిలబడ్డది. అప్పుడు నేను మీ అరుగు మీద బియ్యం చెరుగుతున్నాను. నువ్వు బయటికి వచ్చి దాన్ని చూసి అడిగావు: "ఎందుకొచ్చినవ్‌రా? ఏమున్నదని వచ్చినవ్? దున్ననీకి చెల్క ఉన్నదా? నిన్ను కట్టేసే జాగ ఉన్నదా?" అని. అది నీ దిక్కే చూసింది. తెల్లారి ఆ మనిషి వచ్చి పట్టుకుపోయాడు.

పాటలో ఉన్నవన్నీ ఆ మాటలే. నేను ఒక్క మాట కొత్తగా పెట్టలేదు. దరువు వేశాను, అంతే. మాట ఎవరిదైతే పాట వానిది. అందుకే నీ పేరు పెట్టాను. ఇందులో తప్పేముంది?

ఇంకొకటి. నా పేరు ఆ దరువులో ఇమడదు. కుర్మయ్య అంటే రెండు దెబ్బలు గట్టిగా, ఒకటి మెల్లగా పడతాయి. శివమ్మ అంటే మొదటి దెబ్బే తేలిపోతుంది. చప్పట్లు కొట్టి చూసుకో.

అనుపమ పాత పాటలు పది కలిపి కొత్త ఆల్బం చేస్తుంది. క్యాసెట్టు ఉండదట, ఫోన్లలోనే వింటారట. ఇక్కడ అత్తాపూర్‌లోనే స్టూడియో. డిసెంబర్ పద్నాలుగున కర్రెద్దు పాట పాడుతుంది. నేను ఇగ ప్రోగ్రాములకు రాను. నా కోసం కుర్చీ పట్టకు.

మరదలిని కందిపొడి పంపమను. కారం తక్కువ వేయమను.

శివమ్మ


మామిడిపల్లి
19 నవంబర్ 2025

అక్కా,

ఫోన్ చేయకు అన్నావు. మంచిది. నా గొంతు పెద్దదని ఊరందరూ అంటారు, అత్తాపూర్‌లో అపార్ట్‌మెంటు వాళ్ళు కూడా అనుంటారు. నా గొంతు నీకు బరువైందని సూటిగా రాస్తే సరిపోయేది. కందిపొడి పంపిస్తున్నాను. కారం తక్కువేసి నీ మరదలు జన్మలో చేయలేదు, నువ్వే ఎప్పుడూ ఎక్కువ వేయమనేదానివి. అత్తాపూర్ పోయినంక నాలుక కూడా మెత్తబడ్డది అంది ఆమె. నేను అనలేదు.

చప్పట్లు కొట్టి చూశాను. శివమ్మా అని చివర సాగదీస్తే ఇముడుతుంది. నీ మరదలు కూడా కొట్టింది. ఇమిడింది.

ఇగ నువ్వు చెప్పిన ముచ్చట. నేను ఎద్దును అడగలేదు. తిట్టాను. ఆ రోజు నేను అన్నవాటిలో ఎక్కువ భాగం దాని తల్లికి తగిలే మాటలు. అవి నీ పాటలో ఒక్కటి లేదు. తిట్లన్నీ ఏరి పారేసి, నడుమ ఉన్న మూడు నాలుగు మాటలు తీసి, ఎందుకొస్తివిరా కర్రెద్దా, ఎందుకొస్తివిరా అని నువ్వు పేర్చావు. రాళ్ళు ఏరింది నువ్వు. బియ్యం నావంటే ఎట్లా?

నా మాట నమ్మవని తెలిసి, తెలిసినవాణ్ణి అడిగాను. బుద్వేల్‌లో ఆశేర్ ఉన్నాడు. చర్చి కూడికలకు పాటలు కడతాడు. ఈ చుట్టుపక్కల ఇప్పుడు బతికున్న పాట కట్టేవాళ్ళలో నీ తర్వాత అతనే. వల మీద ఒక పాట కట్టాడు, అది విన్నంక నీళ్ళల్లో దిగని నాకు కూడా తడిసిన వల ఎంత బరువుంటుందో భుజానికి తెలిసింది. గట్ల ఉండాలి. ప్రతి ఏడాది వాళ్ళ కూడికకు పోయి వెనక వరసలో కూర్చుంటాను. ఈసారి కూడా పాస్టరు గారు వచ్చి నా చెయ్యి పట్టుకుని ప్రార్థన చేశాడు. నేను మారుతానని ఆయన ఆశ. నేను పాట కోసం పోయి చెయ్యి ఇచ్చి వస్తాను. ఇద్దరికీ నష్టం లేదు.

కూడిక అయిపోయాక ఆశేర్‌ను పక్కకు పిలిచి సంగతంతా చెప్పాను. ఆయన, "పెద్దాయనా, నోట్ల నుంచి మాటలు అందరికీ వస్తయి. ఏది ఉంచాలె, ఏది తీయాలె అని ఎవలకు తెలుస్తదో, పాట వాళ్ళది" అన్నాడు. విన్నావు కదా. తీర్పు అయిపోయింది.

అప్పుడు నువ్వు పాడిన మన క్యాసెట్టు నా దగ్గర ఇంకా ఉంది. పేరు చెల్క పాటలు, కర్రెద్దు పాట రెండో వైపు నాలుగోది. టేపు సాగింది, అయినా వింటాను. పల్లవి అయ్యాక ఎవరింటి కోడో అరుస్తుంది. మూడో చరణానికి ముందు నువ్వు దగ్గుతావు. ఆ రికార్డింగు చేసినవాడు తీసేయకుండా ఉంచాడు, మంచి పని చేశాడు. శనివారం అనుపమ అంతా బాగానే పాడింది, దగ్గు దగ్గర మాత్రం నాకు అడుగు తప్పినట్టయింది. ఆ జాగలో నేనే దగ్గాను. ముందున్నవాడు తిరిగి చూశాడు.

ప్రోగ్రాములకు రానన్నావు. స్టేజీ నీకు విసుగొచ్చిందేమో, విననీకి కూడా విసుగొచ్చిందా? పాట కట్టినవాళ్ళు వినడం మానేస్తే, వినేవాళ్ళం ఏం చేయాలి?

పేరు సంగతి తేల్చు.

కుర్మయ్య


అత్తాపూర్
24 నవంబర్ 2025

తమ్మీ,

కందిపొడి వచ్చింది. తినలేకపోయాను. మరదలికి చెప్పకు.

నీ ఉత్తరం అనుపమ చదివింది. నేను రాసింది కూడా చదివింది. చదివి ఇట్ల అంది: "అమ్మమ్మా, మీ ఇద్దరి కొట్లాట నాకొద్దు. నువ్వు తాతది అంటున్నవ్, తాత నీది అంటున్నడు. చివరి చరణమే తీసేస్త. పేరు దగ్గర జానపదం అని రాస్త. ఎవ్వలకు బాధ ఉండది." నాకు అది మంచిగానే అనిపించింది. నువ్వు కూడా నీ పేరు వద్దనే కదా అడిగింది. ఇగ పీడ పోయింది.

ఆశేర్ పెద్దవాడు, ఆయన మాట కాదనను. కానీ ఆయన ఆ రోజు మన వాకిట్ల లేడు. నువ్వు తిట్టినట్టు నీకు గుర్తున్నది. నాకు వినబడింది వేరు.

విసుగు రాలేదు. అన్నింటికీ నీకు తోచిన కారణం నువ్వే రాసుకోకు. మొన్న అనుపమ ఇంట్లో ప్రాక్టీసు చేస్తుంటే వంటింట్లో నుంచి విన్నాను. మూడో చరణం తొందరగా పాడుతుంది. ఎద్దు నడిచినట్టు పాడాలి, బస్సు పోయినట్టు కాదు. చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

నువ్వు చెప్పు. నీకు మైకు అక్కర్లేదు.

శివమ్మ


మామిడిపల్లి
29 నవంబర్ 2025

శివమ్మకు,

అక్క అని రాయలేదు. కావాలనే రాయలేదు.

జానపదం అంటే ఏంది? అనుపమకు ఫోన్ చేసి అడిగాను. "ఎవరు కట్టిన్రో తెల్వని పాట తాతా, జనం కట్టిందన్నట్టు" అంది. జనం ఎవరు? ఆ రోజు మా వాకిట్ల ఉన్నది నువ్వు, నేను, ఎద్దు. ఎద్దును జనం అనలేము. నేను కాదని చెప్తున్నాను. మిగిలింది ఎవరు?

ఎవరు కట్టారో తెలియని పాటలు ఉన్నాయి. అవి కట్టినవాళ్ళు పోయారు, అడిగేవాళ్ళు లేరు. నాట్లలో నువ్వు ఎత్తుకునే పాటల్లో సగం అవే. ప్రతి పాట వెనక ఏదో ఒక అరుగు మీద ఎవరో ఒక ఆడమనిషి కూర్చుని ఉంటుంది. ఆమె పేరు ఎవరూ అడగలేదు, అంతే. నువ్వు బతికుండగా, అత్తాపూర్‌లో అడ్రసు కూడా ఉండగా, నిన్ను ఆ గంపలో వేస్తుంటే నీకు మంచిగా అనిపించిందా? నేను నా పేరు తీయమన్నానంటే నీ పేరు పెట్టమని. ఖాళీ పెట్టమని కాదు.

ఇది నోటితో తేల్చుకోవాలని మొన్న గురువారం బస్సెక్కి అత్తాపూర్ వచ్చాను. దారి పొడుగునా ఏం అడగాలో పేర్చుకున్నాను. ఒకామె, "ఎవలతో మాట్లాడుతున్నవ్ పెద్దాయనా?" అంది. మా అక్కతో అన్నాను. ఆమె సీటు మారింది.

తలుపు మాధవి తీసింది. తీసి, అక్కడే నిలబడ్డది. "అమ్మ లేదు మామా, బయటికి పోయింది" అంది. నీ చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి. ఎడమ దానికి నేను కుట్టించిన తోలు ముక్క ఉంది, అది నాకు తెలియదా? నువ్వు చెప్పులు లేకుండా వీధి చివరి దాకా కూడా పోవు. మాధవి చాయ్ తాగుమంది. నా కళ్ళల్లోకి చూసి అనలేదు. నేను నీళ్ళు కూడా ముట్టలేదు. నువ్వు లోపల నుంచి వింటున్నావని నాకు తెలుసు కాబట్టి, మెట్ల మీద నుంచి గట్టిగానే చెప్పాను: "ఇంటికొచ్చిన తమ్మునికి మొఖం చూపియ్యనోళ్ళు పాటల్ల తమ్ముని పేరు పెట్టుడెందుకు" అని. ఎదురింటి వాళ్ళు తలుపు తీసి చూశారు. ఆ ఇంటి కుక్క కూడా చూసింది. నువ్వు రాలేదు.

ఫోన్ వద్దన్నావు, ప్రోగ్రాం వద్దన్నావు, ఇంటికి వస్తే దాక్కున్నావు. నేను నీకు ఏం చేశానో రాయి. రాయకపోతే నాకు ఇగ ఏమీ రాయకు.

కుర్మయ్య


అత్తాపూర్
4 డిసెంబర్ 2025

తమ్మీ,

చెప్పులు కాళ్ళకు వేసుకోలేదు. దవాఖానకు పొద్దున ఏమీ తినకుండా రమ్మన్నారు, కళ్ళు తిరుగుతాయని మాధవి ఇంటాయన నన్ను లిఫ్టు దాకా పట్టుకుని నడిపించి కారులో కూర్చోబెట్టాడు. ఇంట్లో వేసుకునే మెత్త చెప్పులతోనే పోయాను. నేను వచ్చేసరికి నువ్వు వచ్చి పోయావు. మెట్ల మీద నువ్వు అన్న మాట ఎదురింటామె నాకు చెప్పింది. మీ తమ్మునికి మైకు అవసరం లేదమ్మా అంది.

మాధవికి నేనే చెప్పాను, కుర్మయ్య మామకు చెప్పొద్దు అని. ఆమె మీద కోపం పెట్టుకోకు.

గొంతులో మాట పలికే నరం మీద గడ్డ ఉంది. పోయిన నెల మొదట్లో తెలిసింది. దగ్గు ఎంతకూ తగ్గకపోతే పోయి చూపించుకున్నాను. మాట్లాడొద్దన్నారు. గుసగుస కూడా వద్దన్నారు, అది ఇంకా చెడ్డదట. డిసెంబర్ పదిహేడున ఆపరేషన్. గడ్డ మంచిదా చెడ్డదా తీసినంక చెప్తారు. మాట వస్తుందన్నారు. పాట సంగతి అడిగితే డాక్టరమ్మ మాధవి దిక్కు చూసింది, మాధవి గోడ దిక్కు చూసింది. నేను పలక మీద రాసి అడిగాను కాబట్టి వాళ్ళు వినబడనట్టు ఉండడానికి కూడా లేకపోయింది.

అందుకే ఫోన్ వద్దన్నాను. నీ ఫోన్ ఎత్తితే నేను మాట్లాడకుండా ఉండలేను. నువ్వు ఒక్క మాట అంటే నేను రెండు అనాలి. చిన్నప్పటి నుంచి అదే అలవాటు. నీకు చెప్పనిది ఎందుకంటే నువ్వు దవాఖానకు వచ్చి డాక్టరమ్మ మీద గొంతు లేపుతావని. లేపవా?

పేరు సంగతి. ఇది ఇంతకాలం చెప్పలేదు. చెల్క నీ పేరు మీద ఉండేది. పాసుబుక్కులో కుర్మయ్య అని ఉండేది, ఊళ్ళో ఎవరైనా కుర్మయ్య చెల్క దగ్గర కలుద్దాం అనేవాళ్ళు. అది పోయినంక ఆ మాట పోయింది. ఇప్పుడు ఆ జాగను ఏమంటారో నాకు తెలియదు, దాని మీద కంచె ఉంది. నీ పేరు ఎక్కడో ఒక దగ్గర నిలవాలనిపించింది. నా దగ్గర ఉన్న జాగ ఆ చివరి చరణం ఒక్కటే. అందులో పెట్టాను.

పాట కట్టినామె పేరు అక్కడ ఉండాలని నాకూ తెలుసు. నాకు జాగ ఎక్కువ అక్కర్లేదనుకున్నాను.

ఇప్పుడు అనుపమ తీసేస్తానంటుంటే సరే అన్నాను, నిజమే. కొట్లాడే ఓపిక లేదు తమ్మీ. నోరు మూసుకుని కొట్లాడడం చాలా కష్టం.

కందిపొడి మంట పుట్టి తినలేకపోయాను. మరదలికి ఇప్పుడు చెప్పొచ్చు.

శివమ్మ


మామిడిపల్లి
8 డిసెంబర్ 2025

అక్కా,

నీ ఉత్తరం శనివారం అందింది. రెండు రోజులు జవాబు రాయలేదు. పని ఉండింది.

ముందు దవాఖాన సంగతి. పదిహేడున నేను వస్తాను. గొంతు లేపను. నీ మరదలు నా పక్కన కూర్చుంటుంది, లేపితే గిచ్చుతానంది. డాక్టరమ్మను ఒక్కటే అడుగుతాను, మెల్లగా అడుగుతాను. పాట సంగతి అడిగితే గోడ దిక్కు చూడొద్దని చెప్తాను. కారం లేని కందిపొడి చేయించాను. అది పొడి కాదు, పిండి అంటుంది నీ మరదలు. అయినా తిను.

ఇగ పని ఏందో రాస్తాను. నిన్న ఆదివారం మళ్ళీ అత్తాపూర్ వచ్చాను. మీ ఇంటికి రాలేదు. వస్తే నువ్వు మాట్లాడతావు. సీదా అనుపమ స్టూడియోకు పోయాను. అది ఒక ఇంటి కింద కార్లు పెట్టే జాగలో ఉంది, గోడలకు పరుపులు కొట్టారు. లోపలికి పోతే మన మాట మనకే దగ్గరగా వినబడుతుంది. నాకు నచ్చింది. విమానం లేదు.

క్యాసెట్టు ఇచ్చాను. ఇన్నేళ్ళలో అది నా గడప దాటడం ఇదే మొదలు. అక్కడున్నవాడు దాన్ని పాత సామాన్లా పట్టుకుంటే, రెండు చేతులతో పట్టుకో అన్నాను. పట్టుకున్నాడు. పాట వినిపించాడు. కోడి ఉంది. దగ్గు ఉంది. ఆ పిలగాడు దగ్గు తీసేయనా అన్నాడు. అనుపమే చెప్పింది వద్దని. నేను నోరు తెరవకముందే చెప్పింది, దాన్ని బట్టి ఆ పిల్ల మీద నాకు నమ్మకం కలిగింది. మూడో చరణం ఎద్దు నడిచినట్టు పాడాలని కూడా చెప్పాను. నీ మాట అని చెప్పే చెప్పాను. పాడి చూపింది. ఇప్పుడు ఎద్దే నడిచింది.

మొదటి పల్లవి క్యాసెట్టులో నీ గొంతే ఉంటుంది. అక్కడ నుంచి అనుపమ అందుకుంటుంది. నువ్వు నోరు తెరవాల్సిన పని లేదు.

చివరి చరణం దగ్గర మళ్ళీ పంచాయితీ వచ్చింది. అనుపమ ఇట్ల అంది: "తాతా, నువ్వూ అమ్మమ్మా ఇద్దరు ఒప్పుకుంటేనే పెడ్త. ఒక్కలు కాదన్నా తీసేస్త. ఇద్దరిదీ రాసి ఇయ్యాలె." నేను ఆలోచించాను. నీ చరణం తీయొద్దు. నా పేరు ఎందుకు పెట్టావో రాశావు, చదివాను. దాని మీద ఇగ ఏమీ అనను. ఉండనీ. కానీ నీ పేరు లేకుండా పాట ముగియొద్దు. అందుకని దాని కింద ఇంకొక చరణం ఉండాలి.

అది నేను కట్టాను.

జన్మలో మొదటిది. శనివారం నీ ఉత్తరం చదివినప్పటి నుంచి, ఆదివారం బస్సులో కూడా అదే పని. బర్రె నీళ్ళ కోసం అరిచినా వినబడలేదు, నీ మరదలు వచ్చి నా ముందర బిందె పెట్టి పోయింది. చాలా మాటలు వచ్చాయి. ఎక్కువ తిట్లే. అన్నీ ఏరి పారేశాను. మిగిలింది ఇది:

ఎద్దు పోతె పోయె, మాట పోకుంట
అక్క శివమ్మ పట్టుకున్నదిరా

అక్క అని ముందు పెడితే దరువులో ఇమిడింది. సాగదీసే పని కూడా లేదు. నీ మొదటి దెబ్బ తేలిపోతుంది అన్నావు కదా, ఆ దెబ్బ కింద నేను ఉన్నాను. పాట కట్టినామె పేరు శివమ్మ అని వినేవానికి తెలుస్తుంది. ఆమెను అక్క అని పిలిచినవాడు ఎవడో పై చరణంలో ఉన్నాడు. నా పేరున్న చరణం నువ్వు కట్టావు, నీ పేరున్న చరణం నేను కట్టాను. ఇగ రాజశేఖర్ ఎవరికి శాలువా కప్పుతాడో కప్పనీ. మళ్ళీ ప్రోగ్రాం పెట్టినప్పుడు కుర్చీ మీద కండువా వేసి పెడతాను. నువ్వు పాడకున్నా వినొచ్చు. వినడం చిన్న పని కాదు, ఒకరోజు పక్కన కూర్చో, నేర్పిస్తాను.

తిరిగి వచ్చేటప్పుడు బుద్వేల్‌లో దిగి ఆశేర్‌కు పాడి చూపాను. రెండో లైను బాగుంది, మొదటిది ఇంకా నలగాలన్నాడు. నలిపే టైం లేదన్నాను.

నువ్వు ఏ మాటైనా మార్చుకో. అక్క అన్నది మాత్రం తీయకు. అది నాది.

ఒప్పుకుంటే, ఒప్పుకున్నా అని కింద పేరు పెట్టి అనుపమకు ఒకటి ఇవ్వు, నాకు ఒకటి పంపు. నేను పెట్టి ఇచ్చి వచ్చాను. పద్నాలుగున పాడుతుంది కాబట్టి పన్నెండు, శుక్రవారం లోపల అది నా చేతిలో ఉండాలి. పోస్టు మీద నమ్మకం లేకుంటే మాధవి ఇంటాయనతో పంపు. నీకు మాట్లాడొద్దన్నారు, రాయొద్దనలేదు. కర్రెద్దు బదులియ్యకుండానే పోయింది. దానికి అక్షరాలు రావు కాబట్టి వదిలేశాను. నీకు వచ్చు. శుక్రవారం లోపల జవాబు ఇవ్వు.

నీ తమ్ముడు
కుర్మయ్య